అసలు ఎంత, కొసరు ఎంత: టీవీ బిల్లు లెక్క

(గుంటూరు బ్రాడీపేటలో వినియోగదారుల కోసం జరిగిన ఒక సభలో, కాస్ట్ అకౌంటింగ్ చెప్పి రిటైరైన ఒక లెక్చరర్ మాట్లాడింది. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం "కేబుల్, డిష్ కంపెనీల దోపిడీ". ఆ దోపిడీ అనే మాటని కాసేపు పక్కన పెట్టనివ్వండి. ఆ మాట అనేశాక ఇంక ఆలోచించేదేముంటుంది? నలుగురం కలిసి తిట్టుకుంటాం, టీ తాగుతాం, ఇంటికెళ్తాం, వచ్చే నెల మళ్ళీ అంతే కడతాం. నాకు తెలిసింది లెక్కలు చెప్పడం. అదే చేస్తాను. ప్రకటనలో ఒక రేటు ఉంటుంది, మన చేతి నుంచి వెళ్ళేది ఇంకో రేటు. ఈ రెంటికీ తేడా ఎందుకొస్తోంది, ఆ తేడా ఎవరెవరికి చేరుతోంది?

ఇక్కడ పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు చాలామందే కనిపిస్తున్నారు. కల్యాణ మండపం మాట్లాడటానికి వెళ్తే అద్దె ఇంత అంటారు. బయానా ఇచ్చాక ఒక్కొక్కటీ బయటికొస్తుంది. కరెంటు మీటర్ లెక్కన వేరు, జనరేటర్‌కి డీజిల్ వేరు, క్లీనింగ్ వేరు, వంటపాత్రలు వేరు. "అన్నీ కలిపి ఒకే రేటు చెప్పొచ్చు కదండీ" అని ఒకసారి ఒక మండపం ఆయన్ని అడిగాను. ఆయన ఏమన్నాడంటే, "నేను చెప్తానండీ, పక్కవాడు చెప్పడు కదా. ఫోన్లో వాడి రేటు తక్కువ వినపడితే మీరు నా గుమ్మం కూడా ఎక్కరు" అన్నాడు. (నవ్వులు) ఆయన మోసగాడేం కాదు, వ్యాపారం తెలిసిన మనిషి. అందరూ మొదటి అంకె చూసి ఎంచుకుంటున్నప్పుడు, మొత్తం ముందే చెప్పినవాడికి నష్టం. కాబట్టి పెరగాల్సిన ఖర్చంతా జనం పోల్చిచూడని చోటికి జరుగుతుంది. టీవీ బిల్లులో జరిగేదీ ఇదే. కాకపోతే మండపంలో యజమాని ఒక్కడే, టీవీ బిల్లులో నలుగురైదుగురు భాగస్వాములు.

పాత రోజుల్లో ఈ గొడవ లేదని పెద్దవాళ్ళు అంటుంటారు. నిజమే, లేదు. ఎందుకు లేదో చూడండి. అప్పుడు ఒకటే వైరు. అందులో ఎన్ని చానళ్ళొస్తే అన్నీ అందరికీ వచ్చేవి. నెల మొదట్లో కేబుల్ ఆయన వచ్చి డబ్బు తీసుకుని కార్డు మీద టిక్కు పెట్టేవాడు. ఏ ఇంట్లో ఏ చానల్ చూస్తున్నారో కాదు, ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి కనెక్షనుందో కూడా పైవాళ్ళకి తెలిసేది కాదు. వీధిలో ఉన్న కనెక్షన్లలో కొన్నిటినే పైకి చెప్పేవాళ్ళు. చానళ్ళవాళ్ళకీ ఆ సంగతి తెలుసు, అందుకే బేరమాడి గుత్తగా ఇంత అని తీసుకునేవాళ్ళు. లెక్కపెట్టలేని దానికి విడివిడిగా ఫీజెలా వేస్తారు?

సెట్‌టాప్ బాక్స్ వచ్చాక లెక్కపెట్టడం మొదలైంది. 2011లో కేబుల్ చట్టం మార్చి విడతల వారీగా బాక్సు తప్పనిసరి చేశారు. 2012లో నాలుగు మహానగరాలు, 2013లో హైదరాబాద్, విశాఖపట్నంతో సహా 38 నగరాలు, ఆ తర్వాత విడతలో మన విజయవాడ, గుంటూరు లాంటి పట్టణాలన్నీ. మన విడతకి గడువు 2015 డిసెంబర్ 31. కాగితం మీద గడువు ఉన్నట్టే వీధిలో జరగలేదనుకోండి, కోర్టు కేసులూ అవీ నడిచాయి. మొత్తానికి ఇంటింటికీ బాక్సు చేరింది. ఏ బాక్సులో ఏ చానల్ తెరిచి ఉందో కంప్యూటర్లో కనిపించడం మొదలైంది. అక్కడితో గుత్త బేరాల కాలం పోయింది. చానల్ చానల్‌కీ ధర పెట్టే కాలం వచ్చింది.

ఇక ట్రాయ్ సంగతి, అంటే టెలికాం, టీవీ రేట్లకి నియమాలు పెట్టే కేంద్ర నియంత్రణ సంస్థ. 2017 మార్చిలో కొత్త టారిఫ్ ఉత్తర్వు ఇచ్చారు. చానళ్ళ వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2018 అక్టోబర్ 30న సుప్రీంకోర్టు ట్రాయ్ వైపే తీర్పిచ్చింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. ఆ నెలల్లో కేబుల్ ఆఫీసుల ముందు చానళ్ళ చీటీలు పట్టుకుని నిలబడ్డ జనం మీకు గుర్తుండే ఉంటారు.

ఆ ఉత్తర్వు బిల్లుని రెండు ముక్కలు చేసింది. మొదటిది నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు. 100 చానళ్ళకి నెలకి గరిష్ఠంగా 130 రూపాయలు. ఇది వైరుకీ, సిగ్నల్‌కీ ఇచ్చే అద్దె లాంటిది. రెండోది మనం ఎంచుకున్న పే చానళ్ళ, అంటే విడిగా డబ్బు కట్టి చూసే చానళ్ళ ధర. రెంటి మీదా 18 శాతం జీఎస్టీ. అంటే 130 అనుకున్నది చేతికొచ్చేసరికి 153 రూపాయల 40 పైసలు. 19 రూపాయల చానల్ 22 రూపాయల 42 పైసలు. అలాంటివి నాలుగు పెట్టుకుంటే మొత్తం 243 రూపాయల 8 పైసలు. చిల్లర లేదంటారు కాబట్టి 250. (నవ్వులు) "130 అన్నారు, 250 తీసుకున్నారు" అని 2019లో ఎంత గోలో! ఇందులో ఎక్కువ భాగం కంపెనీ సొంతంగా కనిపెట్టింది కాదండీ. ప్రభుత్వ సంస్థే విడివిడిగా చూపించమంది. మన దగ్గర ఈ అదనపు వరసలు నియమాల్లోంచే పుట్టాయి. ఈ ముక్క మర్చిపోతే కోపం చూపించాల్సిన చోటు తప్పుతుంది.

సరే, ఆ 130 ఎవరెవరికి పోతుంది? పైన ఎంఎస్‌వో, అంటే సిగ్నల్ దించి మన ఊరి దాకా ఇచ్చే పెద్ద కేబుల్ సంస్థ. కింద మన లోకల్ ఆపరేటర్. వాళ్ళిద్దరి మధ్య వేరే ఒప్పందం కుదరకపోతే ట్రాయ్ నమూనా ప్రకారం 55, 45 వాటా. 130లో ఎంఎస్‌వోకి 71 రూపాయల 50 పైసలు, ఆపరేటర్‌కి 58 రూపాయల 50 పైసలు. పన్ను 23 రూపాయల 40 పైసలు. అందులో సగం ఢిల్లీకి, సగం మన రాష్ట్రానికి. ఇప్పుడు 19 రూపాయల చానల్ తీసుకోండి. చానల్‌వాళ్ళు కనీసం 20 శాతం పంపిణీ ఫీజుగా వదలాలి. అంటే 3 రూపాయల 80 పైసలు. దాన్ని మళ్ళీ అదే వాటాలో పంచితే మీ ఇంటికి నిచ్చెనేసుకుని వచ్చే ఆపరేటర్‌కి మిగిలేది 1 రూపాయి 71 పైసలు. మీరు రోజూ రాత్రి చూసే సీరియల్ ఆగిపోతే ఫోన్ చేసి తిట్టేది ఆయన్ని. ఆయనకొచ్చేది రూపాయి డెబ్భై పైసలు. స్తంభాలకి కరెంటువాళ్ళకి అద్దె కట్టాలి, గాలివానకి తెగిన వైరు కలపాలి, కుర్రాళ్ళకి జీతాలివ్వాలి. 243ని 250 చేసి తీసుకున్నాడంటే ఆ ఏడు రూపాయలు ఎక్కడికెళ్ళాయో నాకు అర్థమవుతుంది. అది సరైన పనంటున్నానా? లేదు. రసీదు లేకుండా తీసుకునే రూపాయి ఏదైనా తప్పే. కాకపోతే ఈ గొలుసులో మన కంటికి కనపడేది ఆయనొక్కడే కాబట్టి, పైన జరిగినదానికి కూడా తిట్లు ఆయనే తింటున్నాడు.

ఇప్పుడు 19 సంగతి చెప్పాలి. నాకు ఈ మొత్తం కథలో బాగా ఆసక్తి కలిగించేది అదే. నియమం ఏంటంటే, చానల్‌కి ఎంత ధరైనా పెట్టుకోవచ్చు, కానీ ప్యాక్‌లో కలపాలంటే దాని విడి ధర 19 దాటకూడదు. ఏం జరిగింది? పెద్ద చానళ్ళు చాలావరకు సరిగ్గా 19 దగ్గరకొచ్చి కూర్చున్నాయి. గరిష్ఠ ధర అని గీత గీస్తే వ్యాపారి దాన్నే అసలు ధరగా చూస్తాడు. మరి విడిగా నాలుగు కొంటే 76 పడుతుంది, అవే నాలుగూ ఇంకో ఏడెనిమిది చానళ్ళతో కలిపి ప్యాక్‌గా తీసుకుంటే అంతకన్నా తక్కువ పడుతుంది. అప్పుడు విడిగా ఎంచుకునేవాణ్ణి ఇంట్లోవాళ్ళే అమాయకుడంటారు. ప్యాక్‌లో ఉన్న ఆ మిగతా చానళ్ళు ఎవరు చూస్తారు? ఎవరూ చూడకపోయినా పరవాలేదు. అవి ఇన్ని లక్షల ఇళ్ళకి చేరుతున్నాయని చూపించి ప్రకటనల రేటు అడగొచ్చు. ఎంచుకునే హక్కు మనకిచ్చారు, కానీ దాన్ని వాడుకున్నవాడికే ఎక్కువ ఖర్చయ్యేలా ధరలు అమరాయి.

ట్రాయ్ దీన్ని గమనించకపోలేదు. 2020లో ఆ 19ని 12కి దించాలని చూశారు. మళ్ళీ కోర్టులు. చివరికి 2022 నవంబర్లో 19నే తిరిగి తెచ్చి, ప్యాక్ మీద తగ్గింపు 45 శాతం మించకూడదన్నారు. అంటే ప్యాక్‌లోని చానళ్ళ విడి ధరలన్నీ కలిపి 100 అయితే ప్యాక్ 55 కన్నా తక్కువకి ఇవ్వకూడదు. మనకి చవగ్గా ఇవ్వొద్దని నియమమేంటి అని మీరనుకోవచ్చు. ప్యాక్ మరీ చవకైతే విడి ధర ఉత్తుత్తి అంకె అయిపోతుందని దాని ఉద్దేశం. అది ఫలించిందా అంటే, కొంచెం.

సరే, చానళ్ళవాళ్ళు ఎందుకు అంత గట్టిగా పట్టుబడతారు? క్రికెట్ ఒక్కటి చూస్తే చాలు. ఐపీఎల్ ప్రసార హక్కులు 2018 నుంచి 2022 వరకు అయిదేళ్ళకి 16,347.50 కోట్లకి పోయాయి. 2023 నుంచి 2027 దాకా 48,390 కోట్లు. దాదాపు మూడింతలు. అందులో భారత ఉపఖండంలో టీవీలో చూపించే హక్కు ఒక్కటే 23,575 కోట్లు. ఆ డబ్బు ఎవరు పెడతారు? కొంత ప్రకటనలివ్వాలి, మిగతాది చందాదారులివ్వాలి. ఒక్క స్పోర్ట్స్ చానల్ మీదే వేద్దామంటే 19 గీత అడ్డం. అందుకని అది ప్యాక్‌లోకి పరుచుకుంటుంది. బ్యాటంటే ఏంటో తెలియని మా అత్తగారు కూడా తన సీరియళ్ళ ప్యాక్‌లో క్రికెట్‌కి చందా కడుతోందన్నమాట. (నవ్వులు) ఆవిడకి చెప్పలేదు, చెప్తే ఊరుకోదు.

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్ళనడగండి. అక్కడి లెక్క ఇంకో రకం. అక్కడ 1992లో వచ్చిన చట్టం ప్రకారం, గాల్లో ఉచితంగా వచ్చే స్థానిక టీవీ స్టేషన్లు కూడా తమ ప్రసారాన్ని కేబుల్లో చూపిస్తే డబ్బు అడగొచ్చు. ఆ స్టేషన్లు ఏటేటా రేటు పెంచాయి. కేబుల్ కంపెనీలు ఆ పెంపుని నెల చందాలో కలపకుండా బిల్లు కింద "బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు" అని కొత్త వరస పెట్టాయి. కామ్‌కాస్ట్ అనే అక్కడి పెద్ద కేబుల్ కంపెనీ 2014లో డాలరున్నరతో మొదలుపెట్టింది. తర్వాత తర్వాత చాలాచోట్ల అది 20 డాలర్లు దాటిపోయింది. ఆటల చానళ్ళకి మరో ఫీజు. చూడ్డానికి ప్రభుత్వ పన్నులా ఉంటుంది, పన్ను కాదు. కంపెనీ సొంత ఖర్చుకి పెట్టిన పేరు. రెండేళ్ళపాటు రేటు మార్చబోమని ఒప్పందం రాసిచ్చి, ఆ ఫీజుని మాత్రం మధ్యలోనే పెంచేవాళ్ళు. ఎందుకంటే హామీ ఇచ్చింది చందాకి, ఫీజుకి కాదు. ఆలోచించినవాడి బుర్రని మెచ్చుకోవాలి. కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే పత్రిక 2019లో కొన్ని వందల బిల్లులు తిరగేసి చూస్తే, కంపెనీలు సొంతంగా వేసుకున్న ఫీజులే సగటున నెలకి 37 డాలర్లు. ప్రకటించిన ధర మీద 24 శాతం అదనం. అదే ఏడాది డిసెంబర్లో అక్కడ చట్టం చేశారు, చేరేముందే మొత్తం ఎంతో చెప్పాలని, కొనుక్కున్న సొంత పరికరానికి అద్దె వేయకూడదని. 2024లో కేబుల్, శాటిలైట్ కంపెనీలు ప్రకటనల్లో కూడా అన్నీ కలిపిన ధరే చూపించాలని వాళ్ళ నియంత్రణ సంస్థ రూలు పెట్టింది.

మన దగ్గర అదే 2024 జులైలో వేరే దారి పట్టారు. నెట్‌వర్క్ ఫీజు మీద ఉన్న గరిష్ఠ పరిమితి ట్రాయ్ ఎత్తేసింది. కనెక్షన్ పెట్టినందుకు, బాక్సు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చినందుకు తీసుకునే చార్జీల మీద పరిమితులు కూడా తీసేశారు. కంపెనీ తన రేట్లు బయటపెట్టాలి, అంతే. ఒక్కో ప్రాంతానికి ఒక్కో రేటు పెట్టుకోవచ్చు. పోటీ ఉంది కదా, ఓటీటీ ఉంది కదా, పరిమితి ఎందుకన్నది వాదన. అందులో కొంత నిజముంది. డబ్బు కట్టి డిష్ చూసేవాళ్ళు ఒకప్పుడు దేశంలో 7 కోట్ల దాకా ఉండేవాళ్ళు, ఇప్పుడు 6 కోట్ల లోపే. ఉపగ్రహం అద్దె, ఆఫీసు, కాల్ సెంటర్ ఖర్చులు మాత్రం మనుషులు తగ్గినంత వేగంగా తగ్గవు. పైగా డిష్ కంపెనీలు ఆదాయంలో 8 శాతం లైసెన్సు ఫీజు కట్టాలి, కేబుల్‌కి అది లేదు. ఉన్నవాళ్ళ నెత్తిన ఖర్చు పెరగడం లెక్క ప్రకారం ఊహించదగ్గదే.

పోటీ అన్నమాట మీద మాత్రం నాకు అనుమానం. పోటీ పనిచేయాలంటే మనం తేలిగ్గా మారిపోగలగాలి. మీ డిష్ బాక్సు పక్క కంపెనీకి పనికొస్తుందా? రాదు. ఫోన్ అలాగే ఉంచి సిమ్ము మార్చినట్టు ఇక్కడ కుదరదు. ఏ కంపెనీ బాక్సైనా ఇంకో కంపెనీకి పనిచేసేలా ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్లోనే సిఫారసు చేసింది. మీ ఇళ్ళలో అలాంటి బాక్సు ఎవరికైనా ఉంటే చెయ్యెత్తండి. (ఎవరూ ఎత్తలేదు) అదీ సంగతి. మారాలంటే మళ్ళీ పెట్టుబడి. ఆ పెట్టుబడి ఎంతుంటుందో కంపెనీకి తెలుసు. నెలకి పది, ఇరవై పెంచితే దాని కోసం మీరు బాక్సు మార్చరని కూడా తెలుసు.

కాబట్టి పరిమితి ఎత్తేయడం కన్నా ముందు బాక్సు సంగతి తేల్చి ఉండాల్సిందని నా అభిప్రాయం. ట్రాయ్‌లో ఉన్నవాళ్ళు నాకన్నా తెలివైనవాళ్ళే, అయినా వరస తప్పిందనే అంటాను.

కొన్ని అదనపు చార్జీలు మాత్రం వీటిలో వేటి కిందికీ రావు. వాటిని నేను వెనకేసుకురాను. ఒక కంపెనీ మా ఇంటి కనెక్షన్‌లో "నెల ఉచితం" అని ఒక ప్యాక్ తగిలించింది. నెల దాటాక అది దానంతటదే బిల్లులోకి వచ్చింది. తీసేయమంటే యాప్‌లో ఆ బటన్ ఎక్కడుందో మా మనవడికి కూడా దొరకలేదు. దీనికి ఖర్చుల లెక్కతో సంబంధం లేదు. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 రకాల పద్ధతులని నిషేధిస్తూ మార్గదర్శకాలిచ్చింది. ధరని ముందు కొంచెం చెప్పి చివర్లో మిగతాది కలపడం అందులో ఒకటి. మనం అడగనిది బుట్టలో వేసేయడం ఇంకోటి. చేరడం సులువు చేసి బయటపడటం కష్టం చేయడం మరోటి. ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది. ఫోన్ చేయండి. చేసేముందు మెసేజ్‌లు, రీఛార్జ్ రసీదులు పక్కన పెట్టుకోండి. అవి లేకుండా మాట్లాడితే అవతలివాళ్ళూ ఏం చేయలేరు.

మన రాష్ట్రంలో ప్రభుత్వమే ఒక ప్రయత్నం చేసింది కదా, ఫైబర్‌నెట్. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వచ్చి ప్రారంభించారు. టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ కలిపి 149 రూపాయలతో మొదలన్నారు. ఆ 149 అంకె ఊళ్ళోకి ఎలా వెళ్ళిందంటే, తర్వాత రేట్లు మారినా జనం ఇంకా "అదే, ఆ నూటనలభై తొమ్మిదిది" అనే అంటుంటారు. మొదటి అంకెకి అంత బలం.

ఏం చేయాలని అడుగుతారు. నేనైతే ఒకటే అడుగుతాను, చేరేటప్పుడు ఫోన్లో మాట్లాడే అమ్మాయినైనా, వీధిలో ఆపరేటర్నైనా. "పన్నుతో కలిపి, ఈ టీవీకి, నేను చెప్పిన చానళ్ళకి, నెలకి నా చేతి నుంచి ఎంత?" బేసిక్ ప్యాక్ ఎంతని అడగను. చెప్పిన అంకెని మెసేజ్‌లో పంపమంటాను. సగం మంది పంపరు. పంపినవాళ్ళ దగ్గర చేరతాను.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

(రెండో గదిలో టీవీకి కూడా పూర్తి డబ్బు అడుగుతున్నారని ఒక గృహిణి ప్రశ్న.)

2020 నియమం ప్రకారం రెండో టీవీకి నెట్‌వర్క్ ఫీజు 40 శాతమే, అంటే 130కి 52 రూపాయలు మించకూడదనేది ఉండేదమ్మా. ఇప్పుడు పరిమితులే పోయాయి కాబట్టి ఆ కంపెనీ ప్రకటించిన రేటు చూడాలి. పే చానళ్ళ ధర మాత్రం మామూలుగా ప్రతి బాక్సుకీ వేరుగా పడుతుంది. వాళ్ళ దృష్టిలో అది రెండో కనెక్షను. రెండో టీవీలో మీరు చూసేది వార్తలే అయితే పే చానళ్ళు తీయించేయండి, చాలా వార్తా చానళ్ళు ఉచితమే.

(డీడీ ఫ్రీ డిష్ పెట్టుకుంటే ఈ తలనొప్పంతా పోతుంది కదా అని వెనక వరసలోంచి ఒక పెద్దాయన.)

పోతుంది బాబాయ్ గారూ. 2004 డిసెంబర్లో మొదలైంది, నెల చందా లేదు, డిష్, బాక్సు ఒక్కసారి కొనుక్కోవడమే. అందులో చోటు కావలసిన ప్రైవేటు చానళ్ళు, దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి వేలంలో పాడుకుంటాయి. డబ్బు వాళ్ళ దగ్గర తీసుకుంటారు కాబట్టి మన దగ్గర తీసుకోరు. మన సప్తగిరి, యాదగిరి అందులో వస్తాయి. కానీ పిన్నిగారు చూసే చానల్ అందులో ఉందో లేదో ముందు కనుక్కుని కొనండి. కొన్నాక డిష్ వెనక్కి తీసుకోరు. (నవ్వులు)